కవరు మీద రాసిన పేరు

బెప్పు, జపాన్
1992 జనవరి 18

అక్కా,

నీ క్రిస్మస్ ఉత్తరం నిన్న చేరింది. సునిల్దా గీసి పంపిన బొమ్మలో నాకు మీసాలు పెట్టింది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు చూసిన మేనమామ. మీసాలుంటాయనుకోవడంలో దాని తప్పేమీ లేదు.

"వివరంగా రాయి, పోస్టుకార్డు మీద గీకినట్టు గీకకు" అన్నావు. రాయడానికి ఏముంది? చలి. ఇంట్లో మంచం లేదు, నేల మీద పడుకుంటాను. ఇక్కడ చేపలు పచ్చివే తింటారు, నేనూ తింటున్నాను. ఈ ఊరి నేల కింద నీళ్ళు మరుగుతూ ఉంటాయి. కాలవల్లోంచీ గోడల సందుల్లోంచీ ఆవిరి లేస్తుంటుంది. గంధకం వాసన బట్టలకు పట్టేస్తుంది. నా పని నీకు తెలిసిందే, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా హోటల్ హాల్లో ఒక మూల నాన్న చేసిన హార్ప్ వాయిస్తాను. జనం నూలు అంగీలు తొడుక్కుని, చెప్పులీడ్చుకుంటూ నా ముందు నుంచే పోతుంటారు. కొందరు ఆగుతారు. చాలామంది ఆగరు.

నిన్న నాకు ఇల్లు అద్దెకిచ్చిన కుదో అవ్వ పెరట్లో ఆవిరి గుంట మీద బుట్ట పెట్టి చిలగడదుంపలు ఉడికించింది. వేడివేడిగా తొక్క వలిచి చేతిలో పెడితే... సరేలే, దుంప గురించి ఏం రాస్తాను.

నువ్వు రోజూ వాయిస్తున్నావా? స్కూల్లో పిల్లలకు నేర్పడం కాదు, నీ కోసం వాయించుకోవడం. ఆ సంగతి ఎప్పుడూ రాయవు.

విదాల్ బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
ఎలాదియో

* * *

లూకే, పరాగ్వే
1992 ఫిబ్రవరి 26

ఒరేయ్ ఎలాదియో,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. తప్పంతా నాదే, పక్కింటి ఎవుస్తాసియా ముందు పైకి చదివాను. ఆవిడ లేసు అల్లుతూ అల్లుతూ ఆపేసి, "అంగీలేసుకుని చెప్పులీడ్చుకుంటూ తిరిగే జనం హోటల్లో ఎందుకుంటారే నిమియా? అది ఆసుపత్రి. నీ తమ్ముడు చెప్పుకోలేక హోటలంటున్నాడు" అంది. మీ బావ కుర్చీలోంచి, "అక్కడ వాయించేవాడా, పడకెక్కినవాడా?" అన్నాడు. ఏదో నవ్వించాలని అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

నిజం చెప్పరా. ఒంట్లో బాగుందా? మంచమైనా ఇవ్వరా నీకు? మరిగే నీళ్ళ మీద ఇల్లెవరు కట్టుకుంటారు?

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. వచ్చే వారం బడి తెరుస్తారు. ఈ ఏడు నాకు పంతొమ్మిది మంది పిల్లలు. హార్ప్‌లు ఏడే, అందులో రెంటికి తీగలు లేవు. నేను వాయించడం గురించి అడిగావు. ఆదివారం మధ్యాహ్నం వాయిస్తాను. మిగతా రోజులు గిన్నెలు తోమేసరికి గోళ్ళు విరిగిపోతాయి, గోళ్ళు లేకుండా మన హార్ప్ ఏం పలుకుతుంది? అయినా నాకు విచారం లేదు. మనిద్దరిలో ఒకరైనా లోకం చూశారు. నాన్న చేసిన హార్ప్ సముద్రం దాటిందని పిల్లలకు చెబుతుంటాను. వాళ్ళు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వింటారు.

పొద్దున్నే కాచుకు తాగడానికి మాతే ఆకు, ఊలు బనీను పంపుతున్నాను. బనీను తొడుక్కో. సిగ్గుపడకు.

అక్క

* * *

బెప్పు
1992 ఏప్రిల్ 20

అక్కా,

పార్సిల్ అందింది. మాతే ఆకును కుదో అవ్వ టీ కాచినట్టు కాచి, "గడ్డి నమిలినట్టుంది" అంటూ రెండు కప్పులు తాగేసింది.

ఇది ఆసుపత్రి కాదు. వేడినీళ్ళ స్నానాలకు వచ్చేవాళ్ళ హోటల్. అలా చూస్తే పెద్ద తేడా కూడా లేదు, వచ్చేవాళ్ళలో సగం మంది మోకాళ్ళ నొప్పుల వాళ్ళే. నా ఒంట్లో బాగానే ఉంది. వేళ్ళు కాస్త నొప్పి పెడతాయి, అంతే.

చెర్రీ పూలు పూసి రాలిపోయాయి. ఆ పూల కింద చాపలు పరుచుకుని కూర్చుని, తిని తాగుతారు. నన్నూ పిలిచారు. వెళ్ళాను గానీ ఎక్కువసేపు ఉండలేదు.

నాన్న హార్ప్ గురించి పిల్లలకు అంత గొప్పగా చెప్పకు. నన్ను అంత గొప్పవాణ్ణి చెయ్యకు. ఇది మాట వరసకు అంటున్నది కాదు.

బనీను సరిగ్గా సరిపోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా నా కొలత నీకు గుర్తుంది.

ఎలాదియో

* * *

లూకే
1992 జులై 5

ఎలాదియో,

కూర్చుని చదువు. నువ్వు తిరిగొచ్చేస్తున్నావు.

వేళ్ళు నొప్పి అని రాశావు చూడు, ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఇంకో మాటా రాశావు, నన్ను గొప్పవాణ్ణి చెయ్యకని. అంటే నువ్వక్కడ ఎంత కుంగిపోయావో నాకు తెలియదా? మా సంగీత పాఠశాల పెద్ద దోన్ అపరీసియోను కలిశాను. "మా తమ్ముడు ఎనిమిదేళ్ళు విదేశంలో వాయించాడు, వాడికి హార్ప్ తరగతి ఇవ్వండి" అన్నాను. "ఉన్నది ఒక్క తరగతి నిమియా, అది నీది" అన్నారు. "అయితే నాదే ఇవ్వండి" అన్నాను.

ఆయన అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంకోసారి ఆలోచించు" అన్నారు. ఆలోచించాను. కాగితం మీద సంతకం పెట్టాను. ఆగస్టు నుంచి ఎవరో తాత్కాలికంగా చూస్తారు, మార్చిలో బడి తెరిచే నాటికి నువ్వు రావాలి. నేను ఎవుస్తాసియాతో కూర్చుని లేసు అల్లుతాను. నా చూపు ఇంకా బాగానే ఉంది.

మీ బావ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "పదేళ్ళు ఆ తరగతి కోసం దేవులాడావు. ఇప్పుడు తీసి వాడి చేతిలో పెట్టావు" అన్నాడు. "వాడు నా తమ్ముడు" అన్నాను. "అది నాకూ తెలుసు" అన్నాడు.

నాకు థాంక్స్ చెప్పకు. ఎప్పుడు బయలుదేరతావో రాయి.

అక్క

* * *

బెప్పు
1992 జులై 27

అక్కా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. మూడు చింపేశాను.

నా వేళ్ళకు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. నువ్వు వెంటనే దోన్ అపరీసియో దగ్గరికి వెళ్ళి సంతకం వెనక్కి తీసుకో. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదివినా ఫరవాలేదు.

ఇక్కడ నేను సుఖంగా ఉన్నానక్కా. నా జీవితంలో ఇంత సుఖంగా ఎప్పుడూ లేను. పొద్దున్న ఆరింటికి మా వీధి స్నానశాలకు వెళతాను. తాళంచెవి ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. వేడి నీళ్ళలో నానితే గోళ్ళు మెత్తబడిపోతాయి, అందుకని రెండు చేతులూ గట్టు మీద పెట్టుకుని గొంతు దాకా మునిగి కూర్చుంటాను. "అదిగో, మన హార్ప్ గారు మళ్ళీ చేతులెత్తేశారు" అని ముసలాళ్ళు రోజూ అదే జోకు వేస్తారు. రోజూ నవ్వుతాం. తర్వాత సైకిల్ మీద కాళ్ళు కదపకుండా సముద్రం దాకా జారిపోతాను, మా వీధి అంతా వాలు కాబట్టి. పొద్దుటి ఓడ వస్తుంటుంది. వారానికి రెండుసార్లు ముగ్గురు ఆడవాళ్ళు నా దగ్గర హార్ప్ నేర్చుకుంటారు. అందులో చేపల కొట్టావిడ మన ఊరి పాట ఒకటి వాయిస్తూ ప్రతిసారీ ఒకే చోట తప్పుతుంది. తప్పినప్పుడల్లా చేత్తో నోరు మూసుకుని నవ్వుతూ నాకు క్షమాపణ చెబుతుంది. వానాకాలం తీగలు సడలిపోతే గంటలు గంటలు శ్రుతి చేసుకుంటూ కూర్చోవడం కూడా నాకు ఇష్టమే. నేల మీద పరుపంత మంచి పడక నేనెరగను. పూలు పూసిన రోజు పొద్దున్నుంచి చీకటి పడే దాకా అక్కడే ఉన్నాను, తాగాను, పాడాను.

ఒక్క అబద్ధం కూడా రాయలేదు అని ఇన్నాళ్ళు నన్ను నేను సమాధానపరచుకున్నాను. నేల మీద పడుకోవడం నిజమే కదా, పచ్చి చేపలు నిజమే కదా అని. ఆ వేళ్ళ నొప్పి మాత్రం శుద్ధ అబద్ధం. ఎందుకు రాశానో చెబుతాను. ఇక్కడ ఏది నోట్లో పెట్టుకున్నా నీ కంచంలోంచి తీసినట్టే ఉంటుంది. నీకు రాసేటప్పుడు దాన్ని చేదు చేసి రాస్తే నా మనసు కొంచెం తేలికపడేది.

నీ కంచంలోంచే తీశాను. 1984 మార్చిలో.

సరస్సు పక్క భోజనశాలలో మనం ఆదివారాలు వాయించేవాళ్ళం, గుర్తుందా? నువ్వు హార్ప్, నేను గిటారు, నువ్వు అలసిపోయినప్పుడు మాత్రం హార్ప్. వాన లేకపోయినా గొడుగు పట్టుకుని ఒక జపాన్ పెద్దమనిషి మూడు ఆదివారాలు వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయనే అనామి గారు, ఈ హోటల్ యజమాని. తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినప్పుడు నువ్వు సునిల్దాను తీసుకుని బావ వాళ్ళ ఊరు వెళ్ళావు. ఆ ఉత్తరం నాకొచ్చిందని నీకు చెప్పాను. కవరు మీద నా పేరు లేదక్కా. "శ్రీమతి నిమియా ఇన్సౌరాల్దే" అని ఉంది. నాన్న పనిశాలలో, ఉలితో చించాను. నిన్ను రమ్మన్నాడు. బావనూ పాపనూ కూడా తీసుకురావచ్చన్నాడు. నువ్వు రాలేవు, నేను వస్తానని రాశాను. ఆ ఉత్తరాన్ని జిగురు కాచే పొయ్యిలో పడేశాను.

మూడు వారాలకు నువ్వు తిరిగొచ్చి, సంగతి విని, నన్ను కావలించుకున్నావు. నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దావు.



ఎలాదియో

* * *

లూకే
1992 ఆగస్టు 30

ఎలాదియో,

ఉత్తరం అందింది. సంతకం వెనక్కి తీసుకున్నాను.

నేను రాలేనని ఆయనకు రాశానన్నావు. ఎందుకు రాలేనని రాశావు? ఏ మాట రాశావో అదే మాట నాకు రాయి.

నిమియా

* * *

బెప్పు
1992 సెప్టెంబరు 25

అక్కా,

"మా అక్కకు ఊపిరితిత్తుల జబ్బు, ఇక హార్ప్ ముట్టుకోకూడదని డాక్టరు చెప్పారు" అని రాశాను. అదే మాట.

అనామి గారు ఎనిమిదేళ్ళుగా ప్రతి కొత్త సంవత్సరం రోజున నన్ను పిలిచి, "అక్కగారి ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడుగుతారు. "కొంచెం నయం" అంటాను. నీ ఆరోగ్యం కోసమని గుడి నుంచి ఒక పట్టు తాయెత్తు తెచ్చి ఇస్తారు, పంపమని. ఎనిమిదీ నా సొరుగులో ఉన్నాయి. ఇప్పుడు దీనితో పంపుతున్నాను. పారేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం.

పోయిన సోమవారం ఆయన గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టారు. మొదట అన్న మాట ఇది: "అయితే ఆమెకు జబ్బు లేదన్నమాట. మంచిది." ఇంకాసేపటికి, "ఎలాదియో గారూ, నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. రేపు నాలుగింటికి మామూలుగానే రండి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక కుదో అవ్వకు కూడా చెప్పాను. ముల్లంగి తరుగుతూనే వింది. "మరి అన్నం తినరా?" అంది. "సహించడం లేదు" అన్నాను. "మీరు మానేస్తే మీ అక్కకు ఏం ఒరిగింది? తినండి, తిని సిగ్గుపడండి" అంది.

ఇవాళ అనామి గారు నా చేతికి ఒక కవరు ఇచ్చారు. వచ్చే ఏప్రిల్ నుంచి ఆరు నెలలు నువ్వు ఇక్కడ వాయించాలని అడుగుతున్నారని నోటితో చెప్పారు. నువ్వు వస్తే నీ తరగతి పోకుండా నేను మార్చి నుంచి అక్కడ పిల్లలకు నేర్పుతాను. నువ్వు తిరిగొచ్చిన రోజు దిగిపోతాను. దోన్ అపరీసియోకు విడిగా రాశాను. రావాలని లేకపోతే రావద్దు. నన్ను అడగాల్సిన పనే లేదు.

కవరు లోపల పెట్టాను. దాని మీద నీ పేరుంది. నేను తెరవలేదు.

ఎలాదియో

* * *

లూకే
1992 డిసెంబరు 2

ఎలాదియో,

వస్తాను. నీ కోసం కాదు, నీ మనసు తేలిక చెయ్యడానికి అసలే కాదు. నాకు వాయించాలని ఉంది.

విదాల్‌కు చెప్పాను. ఆ పూట బస్సు డ్యూటీకి పోకుండా పెరట్లో కూర్చున్నాడు. తర్వాత వచ్చి, "వెళ్ళు. పిల్లని నేను చూసుకుంటాను. వాడు నా ఇంట్లో తింటాడు, పడుకుంటాడు. నాతో మాట్లాడక్కర్లేదు" అన్నాడు.

మార్చి ఒకటికి నువ్వు ఇక్కడ ఉండాలి. సునిల్దాకు నేనేమీ చెప్పలేదు. నువ్వే చెప్పు. సగం చెప్పకు.

నాన్న హార్ప్ అక్కడే ఉంచి రా.

నిమియా

* * *

లూకే
1993 మే 16

అక్కా,

పిల్లల్లో ఇద్దరు చాలా బాగా వాయిస్తున్నారు. మిగతా వాళ్ళు నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నారు. రెండు హార్ప్‌లకూ తీగలు వేశాను.

నువ్వు బయలుదేరే ముందు ఒకే ఇంట్లో నాలుగు వారాలున్నాం. శ్రుతి గురించి, సామాను గురించి తప్ప ఒక్క మాట మాట్లాడుకోలేదు. విమానాశ్రయంలో ఏదో అంటావనుకున్నాను. "గ్యాస్ సరిగ్గా కట్టెయ్" అన్నావు.

బావకు ఉప్పు కావాలంటే సునిల్దాను అడుగుతాడు, అది నా పక్క నుంచి తీసి ఇస్తుంది. పోయిన ఆదివారం దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. అది ఉయ్యాల బల్ల మీద కాళ్ళు ఊపడం ఆపేసింది.

"అమ్మ ఉత్తరం ఎందుకు దొంగిలించావు మామయ్యా?"

"నాకు వెళ్ళాలనిపించింది."

"అడగకపోయావా? అమ్మ ఇచ్చేసేది."

అది నాకు అప్పుడూ తెలుసు. అడిగితే ఇచ్చేస్తావని తెలిసే అడగలేదు. ఇచ్చింది తీసుకుంటే జీవితమంతా నీకు రుణపడి ఉండాలి, దొంగిలిస్తే ఎవరికీ తెలియదు. నా లెక్క అంత చిన్నది. సునిల్దా, "నాన్న నిన్ను ఎప్పుడు తిట్టడం మొదలుపెడతాడో, అప్పుడు బాగుంటుంది" అంది. దానిది నీ బుర్రే.

ఇక్కడ పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తోచదు. ఆ స్నానశాల, ఆ వాలు వీధి గుర్తొస్తాయి. గుర్తొచ్చినందుకు సిగ్గేస్తుంది. నువ్వు ఆ నీళ్ళలో కూర్చున్నావా? అవ్వ ఎలా ఉంది? నెలన్నర దాటింది, ఒక్క అక్షరం రాయలేదు. రాయకపోతే అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

ఎలాదియో

* * *

బెప్పు
1993 ఆగస్టు 8

ఎలాదియో,

కోపంతో ఉన్నప్పుడు రాయకూడదని ఇన్నాళ్ళూ ఆగాను. అది తగ్గేలా లేదు, అందుకని రాస్తున్నాను.

మొదటి సాయంత్రం సంగతి చెబుతాను. గోళ్ళు పెంచుకోవడానికి, బయలుదేరే ముందు రెండు నెలలు ఇంట్లో గిన్నె ముట్టుకోలేదు, అన్నీ విదాలే తోమాడు. అంగీల జనం చెప్పులీడ్చుకుంటూ వస్తున్నారు. రెండో పాటకు ఆ చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే హాలు నిండా నిలబడి ఉన్నారు. స్నానానికి పోవడం మరిచిపోయి తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అనామి గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. అయిపోయాక లేచి నడుము వంచి దండం పెట్టారు. "తొమ్మిదేళ్ళు ఆలస్యం చేశాను" అన్నారు. ఆయన ఎందుకు క్షమాపణ చెప్పాలి? నువ్వు చేసిన పనికి ఈ ముసలాయన నడుము వంచాడు. అది నీకు తెలియాలి.

నేను ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు ఎలాదియో. రోజూ వాయిస్తున్నాను, వంటపని లేదు, పిల్లల గోల లేదు. నీకు బాధ కలగాలనే ఇది రాస్తున్నాను.

ఇక మిగతాది. అవ్వ నన్ను నీ స్నానశాలకు తీసుకెళ్ళింది. ఆడవాళ్ళ వైపు అందరూ నన్ను చూసి, "ఎలాదియో గారి అక్క" అన్నారు. చేపల కొట్టావిడ వచ్చి వాయించి చూపించింది. నువ్వు రాసినట్టే ఒక చోట తప్పింది. తర్వాత, "మాస్టారు ఎప్పుడొస్తారు?" అని అడిగింది. నేను ఆమెకు బాగా నేర్పుతున్నాను, నీకంటే బాగానే. అయినా అడుగుతుంది. స్నానశాల ముసలాళ్ళు రోడ్డు మీద కనిపిస్తే నాకు చేతులెత్తి చూపించి నవ్వుతారు. అవ్వ నీ పరుపు వారం వారం ఎండలో వేస్తోంది. నాది కాదు, నీది.

నేను ఇక్కడికి నా వస్తువు నేను తీసుకుందామని వచ్చాను. చూస్తే అది ఇక్కడ లేదు. ఉన్నదంతా నువ్వు తొమ్మిదేళ్ళలో పోగుచేసుకున్నది. ముప్పై ఏళ్ళ నిమియా వచ్చి ఉంటే ఆమెకూ ఇలాంటిదొకటి తయారయ్యేది. సునిల్దా ఈ వాలు మీద సైకిల్ తొక్కేది, విదాల్ ఆ ముసలాళ్ళతో కూర్చుని గొణిగేవాడు. ఇప్పుడు నాకు ముప్పై తొమ్మిది. వాయించడం అయిపోగానే రోజులు లెక్కపెట్టుకుంటాను. మా పిల్లల్లో ఎవరు ఏ తీగ దగ్గర తడబడుతున్నారో అని ఆలోచిస్తాను. నువ్వు తీసుకున్నది ఏదో వస్తువై ఉంటే తిరిగిచ్చేవాడివి. ఆ వయసును ఎక్కణ్ణుంచి తెచ్చిస్తావు?

ఏడ్చాను. ఒక రోజు. అవ్వ పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, చిక్కుడు కాయలు నా ఒళ్ళో కూడా పోసింది, వలవమని.

అక్టోబరు మూడున దిగుతాను. నా తరగతి నాకు కావాలి. నువ్వు వెనక్కి రావాలని అనామి గారు నన్ను అడిగారు, నా అనుమతి కావాలన్నట్టు. "వాణ్ణి రానివ్వండి" అన్నాను. దయతో కాదు. నువ్వు లూకేలో కూర్చుని కుమిలిపోతే మా ఇంట్లో ఒక కుర్చీ నిండడం తప్ప నాకు ఒరిగేదేమీ లేదు. హార్ప్ మాత్రం నేను తీసుకొస్తున్నాను. నువ్వు వేరేది చేయించుకో.

సునిల్దా నాకు విడిగా రాసింది. వాళ్ళ నాన్న పోయిన నెల నిన్ను గంటసేపు తిట్టాడట, తర్వాత ఇద్దరూ కలిసి బస్సు టైరు మార్చారట. నువ్వు ఆ సంగతి రాయలేదు. రాయి, అలాంటివి కూడా.

నిన్ను క్షమించడం నాకింకా రాలేదు. వస్తే రాస్తాను. రాకపోయినా ఉత్తరాలు రాస్తాను.

అక్క